గెనుసుకు చెప్పులు

అశ్విని కార్తె, రెండో రోజు

కుక్కను పెంచేవాళ్లు దాని సంగతులు రాసి పెట్టాలని మా వీధి కమిటీ తీర్మానించింది. ఊరంతా వెతికినా కుక్కలు చేతివేళ్లకు మించి ఉండవు. అయినా తీర్మానాలకు తక్కువ లేదు. ఏం తిన్నది, ఎంత దూరం నడిచింది, ఎండదెబ్బ తగిలిందా అని రాయాలట. "తిన్నది" కాదు, తిన్నాడు. నా కుక్క పేరు గెనుసు. వాడిని "అది" అని రాయడం నా వల్ల కాదు. కమిటీవాళ్లకు అంత పట్టింపుగా ఉంటే వాళ్లే దిద్దుకోవచ్చు.

ఈ రోజు వాడు రాగిసంగటి తిన్నాడు. తినే ముందు ఆ గిన్నె పట్టుకుని నేను హుసేనప్ప మామ అరుగు ముందు వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక బాలింత, బిడ్డకు పోసే నీళ్లు చెంబులో పట్టుకుని ఉంది. ఆమెకు ముందు ఇంకొకామె పాలగ్లాసుతో నిలబడింది. మామ ఒక్కొక్కదానిలో వేలు ముంచి "తీస్కపోయి పోసుకో" అనో, "ఇంగొంచేపు ఆరనీ" అనో చెబుతున్నాడు. మా వీధి మొత్తానికి వేడీ చల్లనా తెలిసిన మనిషి ఆయనొక్కడే. మిగతా అందరికీ పుట్టిన నెలలోనే చలవ సూది పడింది. సూది పడ్డవాళ్లం మిట్టమధ్యాహ్నం కూడా ఎండలో పని చేస్తాం, చావం. చెయ్యి కాలితే మాత్రం బొబ్బ లేచాక చూసుకుని తెలుసుకోవాలి. అందుకే వీధికొకరిని సూది వేయకుండా పచ్చిగా ఉంచుతారు. మామను వాళ్ల అమ్మానాన్నలు అలా వీధికి ఇచ్చేశారు. ఎండాకాలం పగలంతా ఆయన నేలమాళిగలో తడి గోనెసంచి కప్పుకుని పడుకుంటాడు. అన్నం వంతులవారీగా మేమే పెడతాం.

గెనుసుకూ సూది లేదు. ఆ మందు కుక్కలకు పడదు. పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి సంగటి ఆరిందనుకుని పెట్టేస్తే వాడి నాలుక పొక్కిపోయింది. అప్పటి నుంచి వరసలో నిలబడడానికి నేనేమీ సిగ్గుపడను.

"బిడ్డల గిన్నెల మధ్యలో కుక్క గిన్నె ఏందక్కా?" అని బాలింత మూతి విరిచింది.

"వీడూ బిడ్డేలేమ్మా," అన్నాడు మామ, సంగటిలో వేలు పెడుతూ. "పెట్టు పాపా, బాగుండాది."

నా పేరు చౌడేశ్వరి. అది కూడా రాయాలట. ఎండతో కరెంటు తీసే ఎండపలకల తోటలో పలకలు తుడిచే పని. గెనుసు నాకు ఆ పలకల నీడలోనే దొరికాడు, కళ్లు తెరవని పిల్లగా, ఒంటినిండా మట్టితో. అప్పుడే తవ్వి తీసిన గెనుసుగడ్డలా ఉన్నాడని ఆ పేరు పెట్టాను. ఇంట్లో మేమిద్దరమే.

భరణి కార్తె, మొదటి వారం

నడక గురించి వివరంగా రాయలేదని కమిటీవాళ్లు నా లెక్క తిప్పి పంపారు. ఎవరో చదువుతున్నారన్నమాట. సరే, రాస్తాను.

కోడి కూసే వేళకే గెనుసు నా మంచం పట్టె మీద గడ్డం ఆనించి చూస్తుంటాడు. మొరగడు. అంత మర్యాదస్తుడు. నేను దొంగనిద్ర పోతే మాత్రం ముక్కు తెచ్చి నా చెవిలో పెడతాడు.

వీధి దాటితే పాత నాపరాయి గనులు. రాయి తీయడం నేను పుట్టకముందే ఆగిపోయింది. గుంతల అంచుల్లో సీతాఫలం చెట్లు, బలుసు పొదలు అల్లుకుపోయాయి. చీకటి విడీ విడని ఆ వేళ మా అలికిడికి కౌజుపిట్టలు పొదల కిందనుంచి ఒక్కసారిగా లేస్తాయి. గెనుసు వాటి వెంట నాలుగడుగులు ఉరికి, మనకెందుకొచ్చిన గొడవ అన్నట్టు తిరిగి వచ్చేస్తాడు. ఇంతవరకు ఒక్క పిట్టను పట్టిన పాపాన పోలేదు. వేపపూత రాలి బాటంతా తెల్లగా ఉంటుంది. ఆ చేదు వాసన నాకు ఇష్టం, గెనుసుకు తుమ్ములు.

బాట చివర గని కుంట ఉంది. ఎంత ఎండాకాలమైనా అందులో కాసిని నీళ్లు ఉంటాయి. నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మ మీద ఒక లకుముకి పిట్ట కాపురం. గెనుసు పొట్ట మునిగేదాకా దిగి, కదలకుండా నిలబడి కళ్లు మూసుకుంటాడు. వాడికి అప్పుడు ఏం తెలుస్తోందో నాకు తెలియదు. నీళ్లంటే నాకు తడి, అంతే. కానీ వాడి మొహం చూస్తే నా కడుపు నిండిపోతుంది. నేను రోజూ లేచేది ఆ కాసేపటి కోసమే. మిగతా రోజంతా పలకలూ, దుమ్మూ, మేస్త్రీ అరుపులూను.

చేతికర్ర పట్టుకుని మామ కూడా మాతో వస్తాడు. తూర్పు ఎర్రబడగానే ఆయన వంగి అరచేయి నేలకు ఆనిస్తాడు. "ఇంగ సాలు, ఎనక్కి పోదాం పాండి" అంటాడు. నాకేమో ఎప్పుడూ ఇంకాస్త దూరం పోవాలని ఉంటుంది. నా మణికట్టుకు పట్టీ ఉంది. నా ఒంట్లో వేడి గతి తప్పితే అది మోగుతుంది. సూది పడ్డవాళ్లందరికీ ఉంటుంది. నాది ఇంతవరకు మోగలేదు.

"నీకేం పాపా, పట్టీ ఉండాది," అన్నాడు మామ గెనుసు వీపు తడుతూ. "వీనికి నేనే పట్టీ."

కృత్తిక కార్తె, మూడో రోజు

మామ పడిపోయాడు. కుంట దగ్గర నుంచి వస్తుంటే కళ్లు తిరుగుతున్నాయని బాట పక్కన కూలబడ్డాడు. భుజానికెత్తుకుని తెచ్చాను. గెనుసు ముందు ఉరుకుతూ, వెనక్కి తిరిగి చూస్తూ, దారి పొడవునా మొరిగాడు. వాడు అంతలా మొరగడం నేను ఎప్పుడూ వినలేదు.

డాక్టరమ్మ వచ్చి చూసింది. మృగశిర వచ్చేదాకా గడప దాటకూడదని చెప్పింది. వీధి మొత్తం హడలిపోయింది. అందరికీ బిడ్డల నీళ్ల దిగులే. ఇప్పుడు చెంబులూ గ్లాసులూ నేలమాళిగ మెట్లు దిగి మామ మంచం దగ్గరికే వస్తున్నాయి. పడుకునే వేలు ముంచుతున్నాడు.

"నడక మానేద్దామా మామా?" అని అడిగాను.

"తిక్కదానా, యాల మానేది? వాడు బతికేది ఆ నడక కోసరమే గదా." కాసేపు ఆలోచించాడు. "వాని కాళ్లు సూడు పాపా. నిలబడిన సోట కాలు మార్సి కాలు ఎత్తినాడనుకో, నేల కాల్తాండాదని. అప్పుడు ఎనక్కి తిరుగు. ఇంగేం ఆలోసన సెయ్యొద్దు."

సరేనన్నాను. ఇంత తేలిక ఉపాయం ఉండగా ఇన్నాళ్లు మామను ఎందుకు నడిపించామా అనిపించింది.

కృత్తిక కార్తె, చివరి రోజులు

నేల రాత్రి కూడా ఆరడం లేదట. మామ చెప్పాడు. నాకు తెలిసేది గెనుసు కాళ్ల వల్లే. మొదట కుంటకు ఇవతల కాలెత్తేవాడు. తర్వాత సీతాఫలం చెట్ల దగ్గర. ఈ వారం వీధి దాటగానే ఎత్తుతున్నాడు. ఎత్తి, నా వైపు చూసి, కుంట వైపు చూస్తాడు. నేను తిరిగిపోదాం అంటాను. తోక దించుకుని వచ్చేస్తాడు. ఇంటికొచ్చాక గోడ వైపు మొహం పెట్టి పడుకుంటాడు. సంగటి ముట్టడం లేదు. పిలిస్తే చెవి మాత్రం కదుపుతాడు.

నిన్న వాడి పాదం తిప్పి చూశాను. మెత్తలన్నీ బొబ్బలు. రెండు చితికి నీరు కారుతున్నాయి. నేను చెప్పినట్టే వెనక్కి తిరుగుతున్నాను కదా, మరి ఇవి ఎప్పుడు కాలాయి? కాలెత్తే లోపలే కాలాయి. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే వాడే వచ్చి నా మొహం నాకాడు.

పలకల తోటలో పాత తోలు చేతితొడుగులు పారేసి ఉంటే నాలుగు తెచ్చుకున్నాను. వాటిని కోసి, లోపల దూది పెట్టి, అడుగున టైరుముక్క వేసి కుట్టాను. నాలుగు చెప్పులు. చీలమండ దగ్గర కట్టుకోవడానికి తాళ్లు. సూది నా వేలికి గుచ్చుకుంది. అది మాత్రం బాగా తెలిసింది.

రోహిణి కార్తె, రెండో రోజు

బొబ్బలు మానాయి. చెప్పులు తొడిగాను. మొదట వాడు నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పెట్టి బిగుసుకుపోయాడు. తర్వాత ఒక్కో కాలూ ఎత్తెత్తి వేస్తూ బురదలో కోడిలా నడిచాడు. వీధివాళ్లు గుమికూడి నవ్వారు. ఆ మూతి విరిచిన బాలింత కూడా బిడ్డను చంకనేసుకుని వచ్చి, "మా బుడ్డోనికి గూడ ఒక జత కుట్టీ అక్కా" అంది.

మెట్లు దింపి మామకు చూపించాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"పెండ్లికొడుకు మాదిరి ఉండాడే! శానా మంచి పని సేసినావు పాపా. ఇంగ వీని కాళ్లకు బయం ల్యా."

ఆ మాటకు నేను పొంగిపోయాను. దాచుకోవడమెందుకు, పొంగిపోయాను.

రోహిణి కార్తె, ఐదో రోజు

కుంటకు వెళ్లాం! ఇన్నాళ్ల తర్వాత. దారిలో గెనుసు ఒక్కసారి కూడా కాలెత్తలేదు. కుంట చూడగానే చెప్పులతో సహా నీళ్లలో దూకాడు. లకుముకి పిట్ట తిట్టుకుంటూ లేచిపోయింది. వచ్చేటప్పుడు తడి చెప్పులు కిచకిచమంటుంటే వాడికే భయమేసి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. నేను బాట మీద కూలబడి నవ్వాను.

ఇంటికొచ్చి గిన్నె ఖాళీ చేశాడు. మళ్లీ నా చెవిలో ముక్కు పెడుతున్నాడు. నడక: కుంట దాకా. ఎండదెబ్బ: లేదు.

రోహిణి కార్తె, ఆ రోజు

ఇది వెంటనే రాయలేకపోయాను.

ముందురోజు దుమ్ముగాలి వచ్చి పలకల తోటంతా కప్పేసింది. పొద్దుపోయేదాకా తుడిచాం. తెల్లవారి నాకు మెలకువ రాలేదు. కళ్లు తెరిచేసరికి తలుపు సందులోంచి ఎండ మంచం దాకా వచ్చి ఉంది. గెనుసు తలుపు దగ్గర ఒక చెప్పు నోట కరుచుకుని కూర్చున్నాడు. ఎంతసేపటి నుంచి అలా కూర్చున్నాడో.

ఈ పూటకు వద్దులేరా అని ఉండాల్సింది. అనలేదు. పట్టీ చూసుకున్నాను, మోగడం లేదు. వాడికి చెప్పులున్నాయి కదా అనుకున్నాను. వెళ్లాం.

అంత ఎండలో గనుల వైపు నేనెప్పుడూ పోలేదు. ఎంత బాగుందో. నాపరాళ్ల అంచులన్నీ మెరిసిపోతున్నాయి. ఆకాశంలో ఒక్క మరక లేదు. ఒక్క పిట్ట కూడా లేదు, దాని గురించి నేను ఆలోచించలేదు. గెనుసు ప్రతి చెట్టు నీడలోనూ ఆగాడు. వాసన చూస్తున్నాడనుకున్నాను. నాలుక బారెడు వేలాడేసి వగరుస్తున్నాడు. చెప్పుల బరువనుకున్నాను. నేను వాడి కాళ్లనే చూస్తున్నాను. అవి చక్కగా పడుతున్నాయి. ఒక్కటీ ఎత్తలేదు.

కుంటలో నీళ్లు అడుగంటాయి. వాడు దిగి, నిలబడలేదు, పడుకున్నాడు. గడ్డం దాకా నీళ్లలో పెట్టి పడుకున్నాడు. నాకు పనికి వేళయింది. "రారా గెనుసూ, మేస్త్రీ నన్ను నమిలి మింగుతాడు" అని నవ్వుతూ పిలిచాను. వాడు నా వైపు చూశాడు. నీళ్లలో తోక కదిలింది. లేవలేదు. నేను రెండోసారి పిలిచాను, కాస్త గట్టిగా. లేచి వచ్చాడు.

ఆ నీళ్లలోనే ఉండిపోతే బతికేవాడు. ఆ సంగతి వాడికి తెలుసు. తెలిసీ, నేను పిలిచానని వచ్చాడు.

సీతాఫలం చెట్ల దగ్గర వెనక కాళ్లు తడబడ్డాయి. నేను ఆటలనుకున్నాను. ఇంకాస్త దూరం వచ్చి, నా నీడ పడిన చోట పక్కకు ఒరిగిపోయాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిస్తే చెవి కదల్లేదు. అప్పుడు నాకు అర్థమైంది. ఎత్తుకుని పరుగెత్తాను. మోకాళ్లు కొట్టుకుపోయాయి, ఊపిరి ఆడలేదు. పట్టీ అప్పుడు మోగింది. మోగుతూనే ఉంది.

"మామా, వీనికేమో అయింది, సూడు మామా!"

మామ మంచం మీద నుంచే చేయి చాచి వాడి పొట్ట మీద పెట్టాడు. పెట్టిన చేయి అలాగే లాక్కున్నాడు.

"అయ్యో పాపా! కాల్తాండాడు! పొయ్యి మీద పెట్టినట్ల కాల్తాండాడు!"

తన మీది తడి గోనెసంచి లాగి వాడికి చుట్టాడు. వీధి ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి పోశారు. బిడ్డల నీళ్లు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లు ఆ నీళ్లు కూడా తెచ్చి ఇచ్చారు. మామ చెప్పుల తాళ్లు విప్పాడు. నాలుగు పాదాలూ తిప్పి చూశాడు. ఒక్క బొబ్బ లేదు. పసిపిల్లవాడి పాదాల్లా ఉన్నాయి. మామ ఆ చెప్పుల వైపు చూసి, నా వైపు చూశాడు.

"వాడు మనకు సెప్పుకునే దోవ అదొక్కటే ఉండె పాపా," అన్నాడు. "మనమే మూసేస్తిమి. నాగ్గూడా తట్టల్యా సూడు. పండుకోని నవ్వితినే."

నేను గెనుసును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చేయి వాడి డొక్క మీద ఉంది. డొక్క కదులుతోందో, నా చేయి వణుకుతోందో తెలియలేదు. మా వీధిలో ఎవరు చనిపోయినా ముందు మామనే పిలుస్తారు. ఆయన ముట్టుకుని చెబితేనే ఏడుపు మొదలవుతుంది. అందుకే ఆయన ఏమీ చెప్పకముందే నేను అడిగాను.

"వెచ్చగా ఉండాడా మామా?"

"ఉండాడు."

కాసేపాగి మళ్లీ అడిగాను. ఉండాడు అన్నాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే బిందెలు తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయారు. నేను గెనుసు చెవి నిమురుతూ కుంట గురించి చెప్పాను, కౌజుపిట్టల గురించి చెప్పాను. రేపటి నుంచి చీకటితోనే లేస్తానని ఒట్టు వేశాను. మళ్లీ అడిగాను. ఇంకా వెచ్చగానే ఉండాడా?

మామ నా పక్కన నేల మీదికి దిగి కూర్చున్నాడు.

"వెచ్చగానే ఉండాడు పాపా. ఈ రోయిణి ఎండకు సచ్చిన ఒళ్లు గూడ ఆరదు. ఊపిరి నిల్సి శానా సేపాయె."

మృగశిర కార్తె, మొదటి వాన

కుక్క లేదు కాబట్టి ఇక రాయక్కరలేదని కమిటీ కబురు పంపింది. ఈ ఒక్కటి రాస్తాను.

మధ్యాహ్నం వాన పడింది. వీధి వీధంతా బయటికి వచ్చేసింది. ఇద్దరు మగవాళ్లు మామను చేతుల మీద ఎత్తుకుని తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. ఏటా మొదటి వానకు అలాగే చేస్తారు. ఆయన రెండు చేతులూ వానలోకి చాచాడు. అందరూ ఊపిరి బిగబట్టి ఆయన మొహమే చూస్తున్నారు.

"సల్లగా ఉండాది," అన్నాడు మామ. "శానా సల్లగా ఉండాది."

వీధి మొత్తం కేరింతలు కొట్టింది. పిల్లలు వానలో గెంతారు. బాలింత బిడ్డ అరచేతిని చాపి చినుకులు పట్టించింది. నేను మా గుమ్మంలో నిలబడ్డాను. అక్కడి నుంచి గనుల బాట కనిపిస్తుంది. కోడి కూసే వేళకు నాకు ఇప్పటికీ మెలకువ వస్తుంది. లేచి ఏం చేయాలో తెలియక మంచం పట్టె చూస్తూ కూర్చుంటాను.

వాన వెలిసి అందరూ ఇళ్లకు పోయాక, ఇంట్లోకి చేర్చిన మామ దగ్గరికి వెళ్లాను.

"ఆ పొద్దు గెనుసుకు ఎంత కాలింటాది మామా?"

మామ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"నాకు తెలియాల. నేను నవ్వుకుంటా ముందర పోతాంటే ఎనకాల వాడు ఏం పడినాడో నాకు తెలియాల. సెప్పు మామా."

ఆయన నా చేయి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. చెప్పబోయి ఆగాడు. అటు పొయ్యి వైపు చూశాడు, ఇటు దీపం వైపు చూశాడు. మళ్లీ చెప్పబోయాడు. చివరికి నా చేతిలో మొహం పెట్టుకుని ఏడ్చేశాడు.

"ఏం పెట్టి సెప్పేది పాపా నీకు," అన్నాడు.